వరంగల్ వైపు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: పోల్చే తీరు, పరీక్షించే తీరు, పోషించే తీరు

మా వైపు పాత స్పోర్ట్స్ కారు కొనాలని ఉబలాటపడేవారు మొట్టమొదట అడిగేది ఆ బండికి ఎంత హార్స్‌పవర్ ఉందని. దానికి జవాబు చెప్పే ముందు నేను ఇంకొక ప్రశ్న అడుగుతాను: ఆ బండి గేర్‌బాక్సును దించి, విప్పి, తిరిగి సరిగా బిగించగల మనిషి మీ ఇంటికి ఎంత దూరంలో ఉన్నాడు? హనుమకొండలోనో కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఉండే మనకు ఈ ప్రశ్న హైదరాబాద్ వారికంటే ఎక్కువ ముఖ్యం. వరంగల్ నుంచి రాజధానికి దాదాపు 145 కిలోమీటర్లు. బండి సొంతంగా నడిచి వెళ్లగలిగినప్పుడు ఆ దూరం రెండున్నర మూడు గంటల ప్రయాణం, నడవలేనప్పుడు మాత్రం అదే దూరం లారీ కిరాయిగా, వారాల ఎదురుచూపుగా మారుతుంది. అందుకే రెండు బండ్లను పోల్చేటప్పుడు నేను రాసుకునే కాగితంలో మొదటి గడి హార్స్‌పవర్‌ది కాదు, మెకానిక్ దూరానిది.

ఈ లెక్కన చూస్తే మన మార్కెట్‌లో దొరికే వేగవంతమైన పాత బండ్లు దాదాపు మూడు వరుసలుగా విడిపోతాయి. మొదటి వరుసలోనివి ఊళ్లోని మంచి మెకానిక్ చేతికి లొంగే బండ్లు. 106 హార్స్‌పవర్ పాత హోండా సిటీ వీటెక్, దాదాపు 100 హార్స్‌పవర్ ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఫియెస్టా 1.6 ఎస్ వంటివి ఇందులోకి వస్తాయి. వీటికి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేదు, గేర్‌బాక్స్ మాన్యువల్, తీసి చూడదగిన భాగాలు చేతికి అందుతాయి. అయితే ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది, ఫోర్డ్ 2021లో దేశంలో కార్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది, కాబట్టి ఇక్కడ సమస్య మనిషి కాదు, సామాను. కొత్త తరంలో 2017లో వచ్చిన మారుతి బలెనో ఆర్ఎస్, 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్ కూడా ఈ వరుసలోనే చేర్చవచ్చు. అవి టర్బో బండ్లే అయినా ఆ కంపెనీల సర్వీస్ సెంటర్లు జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి.

రెండో వరుసలో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, ఫియట్ అబార్త్ పుంటో, స్కోడా లారా ఆర్ఎస్, ఆక్టేవియా వీఆర్ఎస్, కొత్తవాటిలో వర్టస్ జీటీ ఉంటాయి. వీటికి చిన్న సర్వీసు ఎక్కడైనా చేయించవచ్చు గానీ, గేర్‌బాక్సో టర్బోనో పెద్ద పని అడిగితే హైదరాబాద్ దారి పట్టక తప్పదు. మూడో వరుసలోనివి నిజమైన స్పోర్ట్స్ కార్లు: బీఎండబ్ల్యూ జడ్4, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే, పోర్షే బాక్‌స్టర్, 2016లో మన దేశానికి వచ్చిన ఐదు లీటర్ల వీ8 ఫోర్డ్ మస్టాంగ్. వీటిని మన ఊళ్లో పెట్టుకోవద్దని నేను అనను, కానీ వీటికి రెండో కారు ఇంట్లో తప్పనిసరిగా ఉండాలి. బట్ట పైకప్పు ఉన్న బండికైతే మరొక శత్రువు కూడా ఉంది. రామప్ప దగ్గరో వేయి స్తంభాల గుడి దగ్గరో గంటసేపు నిలిపి వస్తే, కోతులు ఆ కప్పును ఏం చేసి ఉంటాయోనన్న బెంగతో దర్శనం కూడా సరిగా సాగదు.

పోల్చడం అంటే ఒకే కొలబద్ద పెట్టడం

కార్ల సరదా ఉన్నవారు నలుగురు కలిస్తే ప్రతివాడికీ తన బండే గొప్ప. కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ ముద్దును పక్కన పెట్టి నిజంగా పోల్చాలంటే ఒకే రోడ్డు, ఒకే పూట, ఒకే డ్రైవరు, టైర్లలో ఆయా కంపెనీలు చెప్పిన గాలి అన్న నాలుగు షరతులు పాటించాలి. మేము ఇందుకు హనుమకొండ నుంచి ములుగు వైపు సాగే 163వ జాతీయ రహదారిని, అక్కడి నుంచి రామప్ప వైపు తిరిగే చిన్న రోడ్డును వాడుకుంటాం. సాఫీగా సాగే వెడల్పు దారి, ఊళ్ల మధ్య స్పీడ్ బ్రేకర్లు, చెరువు కట్టల పక్కన మలుపులు, అతుకులు వేసిన తారు, అన్నీ డెబ్బై కిలోమీటర్ల లోపే దొరుకుతాయి. తెల్లవారి ఆరు గంటలకు బయలుదేరితే ఎండా ఉండదు, లారీలూ తక్కువే. యాసంగి, వానాకాలం కోతలు అయిన వెంటనే మాత్రం ఆ పని పెట్టుకోవద్దు. రోడ్డు సగం మేర వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి, వాటి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి, వడ్ల మీద బ్రేకు వేస్తే ఎంత మంచి టైరైనా జారుతుంది.

బండ్లను పోల్చడానికి అతివేగం అవసరం లేదన్నది చాలామందికి నమ్మబుద్ధి కాదు. 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, మామూలు రోడ్ల మీద 70. ఆ హద్దుల లోపలే బండి స్వభావం అంతా బయటపడుతుంది. మూడో గేరులో 40 దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, హద్దు దాటకుండా ఇంజన్ ఎక్కడ ఊపందుకుంటున్నదో, ఎక్కడ నీరసిస్తున్నదో పక్కన కూర్చున్నవారు రాసుకోవాలి. పాత వీటెక్ ఇంజన్ పైపైకి తిరిగే కొద్దీ ఉత్సాహం చూపుతుంది, చిన్న టర్బో ఇంజన్ మధ్యలోనే తన బలమంతా ఇచ్చేస్తుంది. రెండూ నూరు హార్స్‌పవర్ చుట్టుపక్కలవే అయినా ఒకదాని నుంచి దిగి మరొకదానిలో కూర్చుంటే వేరే జాతి జంతువులని అనిపిస్తుంది. తర్వాత బ్రేకు పెడల్ ఎంత లోతుకు వెళ్లాక పట్టుకుంటున్నదో, మలుపు అయ్యాక స్టీరింగ్ దానంతట అది ఎంత వేగంగా తిరిగి వస్తున్నదో, చెడ్డ తారు మీద సీటు నడుముకు ఏం చెబుతున్నదో చూడాలి. బండి అడుగు ఏ స్పీడ్ బ్రేకరుకు తగిలిందో ఊరి పేరుతో సహా రాసి పెట్టుకుంటే మరొక బండి వచ్చినప్పుడు అదే చోట దాన్ని పరీక్షించవచ్చు.

బ్రోచర్ అంకెల్లో నాకు పనికొచ్చేది ఒక్కటే, బరువుకు తగిన బలం. 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో సుమారు 1,200 కిలోలు, 105 హార్స్‌పవర్ పోలో జీటీ టీఎస్ఐ సుమారు 1,100 కిలోలు. అంటే టన్నుకు మొదటిది 120 చిల్లర, రెండోది 95 చిల్లర. ఈ తేడా తిన్నని రోడ్డు మీద నిజమే. కానీ పోలోలోని డీఎస్‌జీ అనే ఏడు గేర్ల, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గేరు మార్చేటప్పుడు బలం తెగనివ్వదు, పుంటోలో ప్రతి మార్పుకూ మన చెయ్యీ కాలూ పని చేయాలి. అందువల్ల ఊళ్ల మధ్య ఆగి సాగే దారిలో ఆ అంకెలు చెప్పినంత దూరం రెండింటి మధ్య కనిపించదు. ఏది ఎక్కువ సరదా అన్నది ఇంకొక ప్రశ్న. నా వరకు గేరు రాడ్ చేతిలో ఉన్నదే సరదా, నగరంలో రోజూ తిరిగేవారు నాతో ఏకీభవించకపోవచ్చు.

ఇక్కడ మేము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఆదివారం ఇద్దరు మిత్రుల బండ్లను ఇలాగే పోల్చి, ఒకదాని బ్రేకులు, మలుపుల్లో పట్టు రెండూ నాసిరకమని తేల్చి, ఆ బండి యజమాని మనసు కష్టపెట్టుకునే దాకా మాట్లాడాం. తిరిగి వచ్చాక టైరు పక్కన ఉన్న తేదీ చూస్తే ఆ బండి టైర్లకు ఆరేళ్లు దాటాయి, రెండో బండివి అప్పటికి మూడు నెలల కిందటివి. ఆ టైర్లు మార్చాక అదే రోడ్డు మీద తీర్పు తిరగబడింది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి, 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం అని అర్థం. అప్పటి నుంచి టైర్ల వయసు, కంపెనీ రాయకుండా మేము ఏ పోలికనూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఎండాకాలం సంగతి వేరుగా చెప్పాలి. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ వైపు 44, 45 డిగ్రీలు కొత్త కాదు. వేడిగాలిలో ఆక్సిజన్ తక్కువ, టర్బో ఆ గాలిని మరింత వేడెక్కిస్తుంది. అది ఇంజన్‌కు చేటు చేయకుండా కంప్యూటర్ స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది, పికప్ తగ్గుతుంది. జనవరి ఉదయం నడిపిన బండిని మే మధ్యాహ్నం నడిపిన బండితో పోల్చి కొన్నవారు తాము ఏది కొన్నారో వానాకాలం వచ్చాక గానీ తెలుసుకోలేరు. మరో మాట, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట నడిపి చూడటం కూడా పరీక్షలో భాగం కావాలి. ఏసీ పూర్తిగా పెట్టి హనుమకొండ చౌరస్తా, పోచమ్మ మైదాన్ వైపు ఒక చుట్టు తిరిగినప్పుడు ఉష్ణోగ్రత ముల్లు కదలకుండా ఉన్న బండినే నమ్మాలి.

చూడవలసిన చోట్లు

అమ్మేవారికి ముందుగానే చెప్పండి, మేము వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాచాలని ముందే నడిపి ఉంచారని అనుమానించే హక్కు మీకుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు చప్పుడు, ట్యాపెట్ల చప్పుడు, సైలెన్సర్ నుంచి పొగ, అన్నీ దొరుకుతాయి. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతున్నది, తీపి వాసనతో ఎడతెగని తెల్ల పొగ అంటే కూలెంట్ కాలుతున్నది, అంటే ఇంజన్ పై భాగం అతుకులోని సీలు, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ మూత లోపల తెల్లటి మీగడలాంటిది కనిపించినా అదే అనుమానం.

క్లచ్ పరీక్షకు పెద్ద గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ నొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి బండి వేగం అక్కడే ఉంటే క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి. మూడో గేరు నుంచి రెండో గేరుకు దించేటప్పుడు గరగరమంటే గేర్లు ఒరుసుకోకుండా కలిపే సింక్రో పోయింది, సరదాగా నడిపే చేతుల్లో ముందు చచ్చేది అదే. 80 నుంచి తిన్నగా బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కులు వంకర తిరిగాయి. డిస్కు అంచున దాని కనిష్ఠ మందం కంపెనీవారే ముద్రించి ఉంటారు, కొలిచి చూస్తే ఇంకెంత ఆయుష్షు ఉందో తెలుస్తుంది.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలోని డీఎస్‌జీ మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. 105 హార్స్‌పవర్ పోలో జీటీ టీఎస్ఐలోనూ వర్టస్ జీటీ ఆటోమేటిక్‌లోనూ ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల పొడి క్లచ్ గేర్‌బాక్స్. అందులోని రెండు క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు, గాలికే చల్లారాలి, కాబట్టి ఆగి సాగే ట్రాఫిక్, వేడి వాటికి గిట్టవు. ఆ క్లచ్‌లను, గేర్లను నడిపే మెకట్రానిక్ యూనిట్ చెడితే బిల్లు చూసి నీళ్లు తాగాల్సి వస్తుంది. పరీక్షించేటప్పుడు బండిని సమతలం మీద బ్రేకు వదిలి దానంతట అది పాకనివ్వండి, ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకు ఉందేమో చూడండి, వేడెక్కాక రివర్సులో కాస్త ఎత్తు ఎక్కించండి. 2017లో 230 హార్స్‌పవర్‌తో వచ్చిన ఆక్టేవియా వీఆర్ఎస్‌లో ఉన్నది ఆయిల్‌లో మునిగిన క్లచ్‌లున్న ఆరు గేర్ల డీఎస్‌జీ. అది బలమైనది, కానీ 60,000 కిలోమీటర్లకొకసారి దాని ఆయిల్ మార్చి తీరాలి. ఆ బిల్లు చూపించలేని వీఆర్ఎస్‌ను ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

సరదా కలవారి బండ్లకు ఉండే ప్రత్యేకమైన జబ్బు రీమ్యాప్. ఇంజన్ కంప్యూటర్‌లో కొత్త ఫైల్ ఎక్కించి బలం పెంచుతారు, అమ్మేటప్పుడు పాత ఫైల్ తిరిగి ఎక్కించి ఏమీ జరగనట్టు ఊరుకుంటారు. రీమ్యాప్ చేయడమే పాపమని నేను అనను. కానీ డీక్యూ200 గేర్‌బాక్స్ తట్టుకునేలా కంపెనీ రూపొందించింది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), 1.5 లీటర్ల వర్టస్ ఇంజన్ కంపెనీ నుంచే ఆ 250 ఇస్తుంది. దాని మీద ఇంకో యాభై వేస్తే ఆ భారమంతా ఎక్కడ పడుతుందో చెప్పనక్కరలేదు. కనుక సూటిగా అడగండి, జవాబు తడబడితే గాలి పైపులు, ఇంటర్‌కూలర్, సైలెన్సర్ మార్చిన ఆనవాళ్లు, బోల్టుల మీద పానా గుర్తులు వెతకండి. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే, చౌకగా దొరికే ఓబీడీ స్కానర్ ఒకటి వెంట పెట్టుకోండి. ఉదయమే లోపాల కోడ్లు చెరిపేసి ఉంటే రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు, పూర్తి కాలేదని అది చూపిస్తుంది. మీటరు తిప్పిన బండిని పట్టుకోవడానికి కూడా మంచి స్కానర్ కావాలి. డాష్‌బోర్డులోని అంకెను మార్చినంత తేలికగా మిగతా కంప్యూటర్లలో నిలిచిపోయిన కిలోమీటర్లను మార్చలేరు. స్కానర్ లేకపోయినా పెడళ్ల రబ్బర్లు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు అబద్ధం చెప్పవు.

మన ప్రాంతంలో అన్నింటికంటే నేను భయపడేది వరద నీళ్లలో మునిగిన బండికి. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం మునిగాయి. ఆ నీళ్లు చూసిన కార్లన్నీ తుక్కుకు వెళ్లలేదు. నేనే ఒకసారి తక్కువ ధరకు ఆశపడి పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో బండి కొన్నాను. కొత్త సీటు కవర్లు, ఘాటైన సెంటు వాసన, మెరిసే డాష్‌బోర్డు చూసి యజమాని శుభ్రమైన మనిషనుకున్నాను. నాలుగు నెలలకు ఏబీఎస్ దీపం వెలిగింది, తర్వాత పవర్ విండోలు, తర్వాత ఎయిర్‌బ్యాగ్ దీపం. మ్యాట్ ఎత్తి చూస్తే వైర్ల జాయింట్లలో పచ్చటి తుప్పు. ఇప్పుడు ఏ బండి చూసినా మొదట సీటు బెల్టును చివరి దాకా లాగుతాను, చివర్లో మట్టి గీత ఉంటే అక్కడితో మాట ముగిస్తాను. డిక్కీలో స్టెప్నీ కింద గుంత, సీటు పట్టాల బోల్టులు, హెడ్‌లైట్ లోపలి నీటి చార, ఫ్యూజు పెట్టె మూలలు కూడా అలాగే చూడాలి. కొత్త కవర్లు, కొత్త వాసన ఉన్న పాత బండి అంటే నాకు ఇప్పటికీ అనుమానమే.

యాక్సిడెంట్ ఆనవాళ్లకు పెయింట్ మందం కొలిచే పరికరం ఉంటే మంచిది. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, ఒక తలుపు మీద మాత్రం 500 చూపిస్తే అక్కడ లప్పం ఉంది. తలుపుకో బంపరుకో టచప్ ఉండటం తప్పు కాదు. కానీ పైకప్పు స్తంభాల మీద, బానెట్ కింది చట్రం మీద వెల్డింగ్, లప్పం కనిపిస్తే ఆ బండి మలుపులో తిన్నగా ఉండదు, మరో ఢీ తట్టుకోదు. అద్దాల మీద కూడా తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది, అన్ని అద్దాలదీ ఒకే ఏడు అయి ఒక్కటి వేరుగా ఉంటే ఎందుకో అడగాలి.

బాక్‌స్టర్ లాంటి పెద్ద బండికి ఆశపడేవారికి ఒక్క మాట. 2008 వరకు వచ్చిన వాటి ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే బలహీనత ఉంది, అది విరిగితే ఇంజనే పోతుంది. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ బేరింగ్ లేదు. తక్కిన పరీక్షలు హైదరాబాద్‌లో ఆ బండ్లే చూసే వర్క్‌షాపులో డబ్బు కట్టి చేయించుకోండి, ఊళ్లో మనం చూసి తేల్చేవి కావు.

కాగితాలు

నంబరు చూసి బండి వయసు అంచనా వేయవచ్చు. వరంగల్ బండికి ఏపీ 36 అని ఉంటే అది 2014 జూన్‌కు ముందుది, టీఎస్ 03 అని ఉంటే రాష్ట్రం వచ్చిన తర్వాతది, టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతది. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. పాత సిటీ, పాలియో, ఫియెస్టా కొనేవారు ఈ పొడిగింపు అయిందో లేదో ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఆ తిరుగుడంతా కొన్నవారి నెత్తిన పడుతుంది.

ఢిల్లీ, హర్యానా నంబర్ల బండ్లు మన వైపు అగ్గువకు రావడానికి కారణం ఉంది. ఢిల్లీ చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దానితో మంచి స్థితిలో ఉన్న బండ్లు కూడా దక్షిణానికి దిగాయి. అలాంటి బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ కొత్త నంబరు, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కావాలి. ట్యాక్స్‌ను బండి అసలు ధర, వయసు చూసి లెక్కగడతారు, ఖరీదైన స్పోర్ట్స్ కారుకు అది లక్షల్లో ఉండవచ్చు. అమ్మేవారు చెప్పే ధరకు ఈ మొత్తం కలిపి చూస్తే అగ్గువ అన్నది చాలాసార్లు మాయమవుతుంది.

మన రాష్ట్రంలోని బండి అయితే ఫారం 29, ఫారం 30 సంతకాలతో కావాలి. ఫైనాన్స్ ఉన్న బండికి ఫారం 35తో బ్యాంకు ఎన్ఓసీ కావాలి. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి మీకు వీలైనప్పుడు మార్చుకోండని చెప్పేవారి దగ్గర బయానా కూడా ఇవ్వకండి. బీమాను పేరు మార్చిన 14 రోజుల లోపల మీ పేరుకు బదిలీ చేయించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ బండికి చెందదు, మనిషికి చెందుతుంది, అంటే అమ్మిన మనిషికి ఉన్న 50 శాతం రాయితీ మీకు రాదు. బయానా ఇచ్చే ముందే పెండింగ్ చలాన్లు చూడండి. సరదా కలవారి బండ్లకు అవి ఎందుకు ఎక్కువ ఉంటాయో అందరికీ తెలుసు.

ధర, ఆ తర్వాత

బేరం మొదలుపెట్టే ముందు నేను ప్రతి బండికీ రెండు అంకెలు రాసుకుంటాను: అడిగిన ధర, మొదటి ఏడాదిలో పెట్టక తప్పని ఖర్చు. ఉదాహరణకు ఒక బండి ఐదు లక్షలు చెబుతున్నారు, మరొకటి ఐదు లక్షల అరవై వేలు. మొదటిదానికి నాలుగు టైర్లు, ముందు డిస్కులు, టైమింగ్ బెల్టు, బ్యాటరీ, క్లచ్ కావాలి, రెండోదానికి ఇవన్నీ బిల్లులతో సహా అయిపోయాయి. ఈ రెండింటిలో పిరం ఏదో కూడిక చేస్తే తెలుస్తుంది, అయినా కూడిక చేయకుండా మొదటిదే కొనేవారు నాకు ఏటా కనిపిస్తారు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో, అబార్త్ పుంటో అందులో ఒకటి, బిల్లు లేని బెల్టును మార్చనట్టే లెక్కించాలి.

టైరు కొలత కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 195/55 ఆర్16 టైరు పక్క ఎత్తు 107 మిల్లీమీటర్లు, 225/40 ఆర్18 టైరు పక్క ఎత్తు 90. ఈ పదిహేడు మిల్లీమీటర్ల తేడాయే వాన తర్వాత కనిపించని గుంతలో పడ్డప్పుడు అలాయ్ పగలడానికీ పగలకపోవడానికీ మధ్య ఉన్న దూరం. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు, రామగుండం, భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు నడిచే దారుల్లో రోజూ తిరిగేవారు పెద్ద అలాయ్‌లు ఉన్న బండిని కొంటే, పాత సైజు అలాయ్‌లు కూడా అడిగి తీసుకోవడం మేలు.

బండికి చేసే మార్పుల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, కంపెనీ ఇచ్చిన మూల స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. పెద్ద చప్పుడు సైలెన్సర్ పెట్టి అమ్ముతున్న బండికి అసలు సైలెన్సర్ ఎక్కడ ఉందో అడిగి, అది చేతికి వచ్చాకే డబ్బు లెక్కపెట్టండి. బీమావారికి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున మీకే ఎదురు తిరుగుతుంది. రేసు, వేగ పరీక్షలో జరిగిన నష్టానికి మామూలు పాలసీ వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి. హద్దుల దాకా నడిపి చూడాలన్న కోరిక ఉన్నవారికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. మనకు 600 కిలోమీటర్లకు పైనే, కానీ అక్కడ ఎదురుగా పత్తి లోడు ట్రాక్టరు రాదు.

బండి ఇంటికి వచ్చిన మొదటి నెలలో చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. పాత యజమాని నిన్ననే మార్చానన్నా సరే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్చండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటి రబ్బరు పైపులు, సీళ్లు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వారాంతాల్లో మాత్రమే తీసే పాత బండికి ఆ పైపులను ఆయిల్ సర్వీసు ప్రతిసారీ తడిమి చూడాలి, ట్యాంకులో పెట్రోల్‌ను నెలల తరబడి నిల్వ ఉంచకూడదు. వానాకాలంలో నిలిపి ఉంచిన బండి బానెట్ కింద ఎలుకలు కాపురం పెడతాయి, వైర్లు కొరుకుతాయి, కనుక పది రోజులకొకసారైనా బండిని బయటికి తీసి ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. చేయించిన ప్రతి పనికీ బిల్లు తీసుకుని, తేదీ, మీటరు అంకె వేసి ఒక ఫైల్లో పెట్టండి. మూడేళ్ల తర్వాత ఈ బండి చూడటానికి వచ్చే మనిషి మొదట అడిగేది ఆ ఫైలునే.